మైకమ్మ గొంతు, కాజాలక్క కుళ్ళు

స్కూలు యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళుగా ఆమెది ఒకటే పని, చొక్కాలకు కాజాలు వేయడం. అందుకే అక్కడ అందరికీ ఆమె కాజాలక్క. పొద్దున్నే మెషిను మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, ఈ రోజు నీదే ప్రభువా అనుకుని స్విచ్చి వేసేది. సాయంత్రం దాకా తల ఎత్తేది కాదు. ఒక్క కాజా కూడా వంకర పోయేది కాదు.

ఆమెకు ఉన్నది ఒకే ఒక్క స్నేహితురాలు. ఆమె అంటే ప్రాణం. ఆమె అంటేనే కుళ్ళు కూడా.

ఇద్దరూ ఆడపిల్లల హాస్టల్లో పక్కపక్క మంచాల మీద పెరిగారు. ఆ స్నేహితురాలు పెద్దయ్యాక బస్టాండులో ఉద్యోగం చేసింది. ఎంక్వైరీ గదిలో కూర్చుని ఏ బస్సు ఎన్ని గంటలకో మైకులో చెప్పేది. ఆదివారం మందిరంలో ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకునేది. మైకమ్మ అన్న పేరు రెండు చోట్లా అతికినట్టు సరిపోయింది. కాజాలక్క భర్త కండక్టరు. "ఆవిడ చెబితే బస్సు రెండు గంటలు లేటన్నా జనం నవ్వుతూ కూర్చుంటారు" అని అన్నం తింటూ మెచ్చుకునేవాడు. ఆ పూట కూరలో ఉప్పు ఎక్కువయ్యేది. కావాలని వేసిందని ఆయనకు ఎప్పుడూ తట్టలేదు.

కాజాలక్క ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండేది. శనివారం మందిరం నేల తుడిచేది. ఆ సంగతి నేలకు తప్ప ఎవరికీ తెలియదు. ఆదివారం ఆ తుడిచిన నేల మీదే నిలబడి మైకమ్మ పాడితే సంఘమంతా కళ్ళు తుడుచుకునేది. వెనక బెంచీలో కాజాలక్క పెదవులు కదిపేది, లోపల మాత్రం కడుపు రగిలిపోయేది.

యాభై దగ్గర పడ్డాక మైకమ్మ మెడలో గడ్డ లేచింది. ప్రాణానికి ఢోకా లేదని, గొంతు మాత్రం మునుపటిలా ఉండకపోవచ్చని డాక్టరు ముందే చెప్పాడు. అలాగే అయింది. ఆపరేషను తర్వాత నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. మైకు ముందు ఇంకొకరిని కూర్చోబెట్టారు. భర్త పోయి ఏళ్ళయింది, కూతురిది వేరే ఊరు. సైకిల్ షాపు పైన రెండు గదుల్లో ఒంటరిగా, చేతిలో చిన్నపిల్లల పలకతో మిగిలింది మైకమ్మ.

కాజాలక్క రోజూ పని అయ్యాక మెట్లెక్కి వెళ్ళేది. మెత్తగా ఉడికించిన అన్నం పెట్టి, వాక్యం చదివి, ప్రార్థన చేసి వచ్చేది. చూసినవాళ్ళు స్నేహమంటే ఇదీ అనేవారు. ఆదివారం పాస్టరు గారు మాత్రం మైకమ్మనే పొగుడుతూ, ఇంత శ్రమలో కూడా నోరెత్తి దేవుణ్ణి ఒక్క మాట అనలేదు, విశ్వాసమంటే మన చెల్లిది, అన్నారు. గొంతు పోయినవాళ్ళు నోరెలా ఎత్తుతారు అనుకుంది కాజాలక్క. అనుకున్నాక సిగ్గేసింది. స్నేహితురాలి జబ్బు మీద కూడా తనకు కుళ్ళే అని అప్పుడు అర్థమైంది.

ఒక సాయంత్రం మైకమ్మ పలక మీద రాసి ఇచ్చింది. "నువ్వు ప్రార్థన చేస్తుంటే నాకు గోడతో మాట్లాడుతున్నట్టుంది. దేవుడు ఉన్నాడో లేడో తెలియడం లేదు. ఎవరికీ చెప్పకు."

కాజాలక్క దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి చదివింది అర్థం కాక కాదు, తియ్యగా ఉండి.

బుధవారం స్త్రీల కూటంలో, ఎవరికోసం ప్రార్థించాలని అడిగినప్పుడు ఆమె లేచి నిలబడింది. మైకమ్మ విశ్వాసం కాస్త సన్నగిల్లిందని, దానికోసం కూడా ప్రార్థించమని గొంతు తగ్గించి చెప్పింది. అన్ని తలలూ ఆమె వైపు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆమె మాటకు అన్ని తలలు తిరగడం అదే మొదలు.

మర్నాడే అయిదుగురు ఆడవాళ్ళు మైకమ్మ గదికి వెళ్ళారు. దాచుకున్న పాపమేదైనా ఉంటే ఒప్పుకోమన్నారు. పొగడ్తలకు పొంగిపోయినందుకే దేవుడు గొంతు తీసుకున్నాడేమో ఆలోచించుకోమన్నారు. ఆ సాయంత్రం కాజాలక్క వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది. గుమ్మం ముందు పలక, దాని మీద ఒకటే మాట: "రావద్దు."

పదిహేను రోజులు వెళ్ళలేదు. మెషిను మీద చెయ్యి పెడితే ప్రార్థన రాలేదు. కాజాలు వంకర పోయాయి. సూపర్‌వైజరు చొక్కాలు తెచ్చి ముందు పడేసి, ఒంట్లో బాలేదా అని అడిగాడు. ఆమె తల దించుకుని దారాలు విప్పుకుంది.

పదహారో రోజు శనివారం, ఒంటిపూట పని. తిన్నగా వెళ్ళి, మూసిన తలుపు ముందు నిలబడింది.

"చెప్పింది నేనే. జాలితో కాదు, కుళ్ళుతో చెప్పాను. నువ్వు పలక మీద రాసింది చదివి సంతోషపడ్డాను."

చాలాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. చెవి ఒగ్గితే తప్ప వినపడనంత సన్నగా మైకమ్మ గుసగుసలాడింది.

"ఎప్పటినుంచి?"

"హాస్టల్లో నువ్వు మొదటిసారి పాడిన రోజు నుంచి."

"ఆ ఆడవాళ్ళు నా గదిలో నిలబడి నా పాపాలు వెతికారే. అది నేను మర్చిపోలేను."

"మర్చిపోవద్దు."

మైకమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "రేపటినుంచి రా. వాక్యం చదవకు, ప్రార్థన చెయ్యకు. ఊరికే కూర్చో."

తర్వాతి బుధవారం కాజాలక్క కూటంలో మళ్ళీ లేచి, తాను చేసిన పని ఉన్నదున్నట్టు ఒప్పుకుంది. ఈసారి కూడా తలలన్నీ తిరిగాయి. కొందరు ఆమెతో మాట్లాడటం మానేశారు.

నెలల తరబడి ఊరికే కూర్చుంది. మైకమ్మ కిటికీలోంచి వీధి చూస్తుంటే ఈమె పాత దిండు గలేబులకు గుండీలు కుట్టేది. ప్రార్థన మాత్రం మానలేదు. లోపలికి వెళ్ళేముందు మెట్ల మీదే చేసుకునేది. ఒకరోజు మైకమ్మ, మెట్ల మీద రోజూ ఏమిటే గొణుగుతావు అని అడిగింది. అబద్ధం చెప్పే ఓపిక కాజాలక్కకు లేదు.

"ప్రభువా, దీని గొంతు తిరిగొస్తే నాకు సంతోషం ఉండదు. అయినా ఇవ్వు అంటాను."

మైకమ్మ నవ్వింది. ఆపరేషను తర్వాత అదే మొదటి నవ్వు, చక్రంలోంచి గాలి పోతున్నట్టు వచ్చింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది.

"నాకోసం చాలామంది ప్రార్థించారు. ఇంత నిజం ఎవరూ చెప్పలేదు. రేపు లోపలికొచ్చి చెయ్యి. నేనూ వింటాను."

అలా మళ్ళీ మొదలైంది. కొన్నాళ్ళకు మైకమ్మ ఆమేన్ అన్న మాటకు పెదవులు కదిపింది. ఇంకొన్నాళ్ళకు తానే ఒక ముక్క ప్రార్థన చేసింది, కోపంగా, దేవుణ్ణి నిలదీసినట్టు. కోపమైనా ఎదురుగా ఎవరో ఉన్నారనుకుంటేనే కదా వస్తుంది అని కాజాలక్క సంతోషించింది. ఆ సంతోషంలో కల్తీ లేదు. ఆమెకే ఆశ్చర్యమేసింది.

దాదాపు ఏడాదికి, గొంతుకు నేర్పించిన కసరత్తులు చేయగా చేయగా, మైకమ్మకు మాట వచ్చింది. బొంగురుగా, అరిగిపోయినట్టు. బస్టాండులో ఆమెకు సామాన్లు దాచే గదిలో టోకెన్లు ఇచ్చే పని దొరికింది. ఒక ఆదివారం సంఘం ముందు సాక్ష్యం చెప్పింది. నాలుగే వాక్యాలు. దేవుడు లేడనుకున్న రోజులు గడిచాయని, ఆ రోజుల్లో ఒక మనిషి రోజూ వచ్చి పక్కన కూర్చుందని. పేరు చెప్పలేదు. సంఘమంతా వెక్కి వెక్కి ఏడ్చింది. ఎప్పుడు పాడినా ఇంతలా ఏడవలేదు.

వెనక బెంచీలో కాజాలక్క కడుపులో మంట మళ్ళీ లేచింది. బొంగురు గొంతుకి కూడా వీళ్ళు ఏడుస్తారా ప్రభువా అనుకుంది.

కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆ మాటే మైకమ్మతో అనేసింది.

"ఇంకా పోలేదా నీకు?" అంది మైకమ్మ.

"పోలేదు."

"సరే, పద. ఎండెక్కుతోంది."

ఇద్దరూ ఒకే గొడుగు కింద, గొడుగు ఎవరు పట్టుకోవాలో తేలక కాసేపు పోట్లాడుకుని, నడిచి వెళ్ళారు.