నా నిమ్మచెట్టుకు కట్టిన ఆకుల మూట

సహోదరులారా, నా సంగతి మీకు తెలుసు కనుక ముందే చెబుతున్నాను: దేవుని సన్నిధిలో నిలబడి పలుకుతున్న ఈ సాక్ష్యంలో ప్రతి మాటా నిజం!

మన అండమాన్ తుష్నాబాద్‌లో నా నిమ్మతోటకు చీకటికాలం వచ్చింది. చిగురు వేసిన చెట్టు వారం తిరిగేసరికి పుల్లలై నిలబడేది. మేక తింటే కొమ్మ విరగాలి, కొమ్మలు నిక్షేపంగా ఉన్నాయి, కనుక ఇది మనిషి పనేనని, ఆ మనిషి గట్టు అవతలి యాకోబు అన్నయ్యేనని తీర్మానించుకున్నాను. లేకపోతే ఆయన చెట్లు మాత్రం అంత పచ్చగా ఎందుకుంటాయి? ఆయన నవ్వితే ఎందుకు నవ్వాడని, నవ్వకపోతే ఏం దాస్తున్నాడని అనుమానం! నా పిల్లలను ఎత్తుకుని తిప్పిన మనిషికి వందనం చెప్పడం మానేశాను.

"ఆకుల మీద పిట్టరెట్టలు ఎక్కువయ్యాయండీ" అని నా భార్య మరియమ్మ అంటే, "ఆ పిట్టలనూ వాడే పంపుతున్నాడు" అన్నాను.

"ప్రభువా, దొంగను నా కళ్లకు చూపించు!" ఇదే నా ప్రార్థన.

ఒక సాయంత్రం అన్నయ్య నా చెట్టుకే ఆకుల మూట కడుతూ దొరికాడు. చేతబడి! యేసు నామమున అని కేకవేసి మూట లాగేశాను.

"అరే తమ్ముడూ, రుకో, ఆగు! చీమల గూడది!"

అప్పటికే ఎర్రచీమలు లుంగీలో దూరాయి. నా అరుపుకు పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ వేళకు ముందే లంగరెత్తింది!

నన్ను దులిపి, అన్నయ్య ఒక పిట్టరెట్టను పుల్లతో తాకాడు. రెట్ట తలెత్తి, కొమ్ములు చాచి, కంపు కొట్టింది. పురుగు, సహోదరులారా!

"సీతాకోకచిలక పిల్లలివి, నీ ఆకులు తినేసేది ఇవే. నా చెట్లను కాసేవి ఈ చీమలే. నువ్వు నాతో బాత్ కూడా చెయ్యవు, మాటే కలపవు కదా, అందుకే చెప్పకుండా కట్టేద్దామనుకున్నాను."

ఆయన మరో గూడు తెచ్చి కట్టాడు, చీమలు పురుగులను ఈడ్చుకుపోయాయి, చెట్లు మళ్లీ చిగిర్చాయి. దేవునికే మహిమ! మర్నాడే ఆయన ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను, ఇద్దరం కౌగిలించుకుని ఏడ్చాం.

అదిగో, వెనక వరుసలో కూర్చుని అన్నయ్య నన్నే చూస్తున్నాడు. సరే, ఒకటి కల్పించాను. ఓడ సంగతి కాదు, అది నిజమే! ఆయన ఇంటికి వెళ్లిన మాటే అబద్ధం. గుమ్మం దాకా వెళ్లి, లోపల నా గురించి ఏమనుకుంటున్నారోనని చెవి ఒగ్గి విని, వెనక్కి వచ్చేశాను.

మీలో ఎవరినైనా అనుమానం తొలుస్తుంటే ప్రభువును నమ్మండి. ఆయన చేసిందంతా నిజం, నేను చేశానన్నదే కల్పన.

అన్నయ్యా, ఇప్పుడు అడుగుతున్నాను. నన్ను క్షమిస్తావా?