దాడిలో మా చెరువు కెమెరా

ఆ రోజు పొద్దున డ్యూటీలో కూర్చున్న కాసేపటికే నా తెర మీద ఏలూరు అన్న పేరు కనిపించింది.

సైన్యంలో నాది తుపాకీ పట్టే ఉద్యోగం కాదు. ఏలూరులో పుట్టి, తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదివి, పరీక్ష రాసి ఆఫీసరుగా చేరాను. కొన్నేళ్ళ తరువాత నన్ను ఉత్తరాదిలో ఒక ఊరికి, సైన్యపు కంప్యూటర్ నెట్‌వర్కును కాపాడే విభాగానికి పంపారు. మా పని ఏమిటో ఇంట్లో వివరంగా చెప్పే వీలు లేదు. ఎవరైనా అడిగితే మా వదిన "మా ఆడపడుచు మిలట్రీలో కంప్యూటర్లు చూస్తుందండీ" అని సరిపెట్టేది.

చెప్పదగినంత వరకు చెబుతాను. అక్కడ పనులు గదులవారీగా పంచి ఉండేవి. నెట్‌వర్కును కట్టి నడిపించేవాళ్ళు ఒక గది. లోపలికి వచ్చేదాన్నీ బయటికి పోయేదాన్నీ వంతులవారీగా కనిపెట్టుకుని ఉండేవాళ్ళం మేము. మాకు తేడా కనిపిస్తే పక్క గదికి కబురు చేసేవాళ్ళం. వాళ్ళు వచ్చి ఆ మెషీన్ను మిగతావాటి నుంచి వేరుచేసి, ఎవరు ఎలా దూరారో ఆరా తీసి, మళ్ళీ నిలబెట్టేవాళ్ళు. ఇవి కాక ఇంకో తలుపు ఉండేది. శత్రువు నెట్‌వర్కుల మీదికి వెళ్ళే పని అక్కడ జరుగుతుందని మేము అనుకునేవాళ్ళం. అక్కడివాళ్ళతో ఒకే మెస్‌లో భోంచేసేవాళ్ళం, క్రికెట్ కబుర్లు చెప్పుకునేవాళ్ళం. పని గురించి మాత్రం వాళ్ళు చెప్పలేదు, మేము అడగలేదు. వీటన్నిటికీ పైన త్రివిధ దళాలకూ కలిపి ఒక కార్యాలయం. పెద్ద నిర్ణయం ఏదైనా అక్కణ్ణుంచి రావలసిందే.

ఆ పొద్దున మా సర్వర్ల మీద ఒక్కసారిగా రద్దీ ఉప్పెనలా విరుచుకుపడింది. అలాంటి దాడి మాకు కొత్త కాదు. ఎక్కడో కూర్చున్నవాడు జనం ఇళ్ళలోని పరికరాలను వాళ్ళకు తెలియకుండా లొంగదీసుకుని, అన్నిటినీ ఒకేసారి మా మీదికి తోలతాడు. అడ్డుకట్ట వేశాం, నిలిచింది. ఆ పరికరాలు ఎక్కడివో వెతుకుతూంటే విదేశాల ఊళ్ళ మధ్య మన దేశపు ఊళ్ళూ వచ్చాయి. వాటి మధ్యలో ఏలూరు జిల్లా. ఇంకొంచెం దగ్గరగా చూస్తే కలిదిండి వైపు.

కలిదిండిలో మా అన్నయ్య చేపల చెరువులు చేస్తాడు.

ఆ మండలంలో ఎన్ని ఇళ్ళు లేవు, ఎన్ని చెరువులు లేవు అని మనసుకు చెప్పుకున్నాను గానీ, నమ్మకం కుదరలేదు. మా పై అధికారి దగ్గరకు వెళ్ళి, అది మా అన్నయ్య ఉండే ప్రాంతమనీ, ఇంటికి ఫోన్ చేయవచ్చా అనీ అడిగాను. ఆయన నెమ్మదిగా చెప్పారు. మన గోడ లోపల ఏది జరిగినా మన బాధ్యత. గోడ బయట పౌరుల ఇళ్ళలో ఉన్న వస్తువును ముట్టుకునే హక్కు మనకు లేదు, దాని గురించి ఎవరికీ చెప్పకూడదు కూడా. పౌరుల సంగతి చూసే ప్రభుత్వ సంస్థకు రాస్తాం, వాళ్ళు ఇంటర్నెట్ కంపెనీకి చెబుతారు, కంపెనీ ఆ ఇంటివాళ్ళకు చెబుతుంది. దారి అది.

రాసింది నేనే. పంపిందీ నేనే.

తరువాత సెలవు దొరికినప్పుడు ఏలూరు స్టేషన్‌లో దిగి, కొల్లేటి మీదుగా వెళ్ళే బస్సెక్కి కలిదిండి చేరాను. అన్నయ్య వాళ్ళు చెరువుల దగ్గరే ఇల్లు కట్టుకున్నారు. అన్నం తినగానే అన్నయ్య నన్ను లోపలి గదికి తీసుకువెళ్ళి కెమెరాల్లో పడ్డదంతా రికార్డు చేసే పెట్టెను సంబరంగా చూపించాడు. పట్టుబడికి, అంటే చెరువులో చేపలు పట్టి అమ్మే రోజులకు ముందు, చేపల దొంగలు ఎక్కువయ్యారట. కాపలా మనుషులు దొరకడం లేదట. అందుకే గట్ల మీద, మేత షెడ్డు దగ్గర కెమెరాలు పెట్టించాడట. ఆకివీడులో ఉన్నా, చేపల లారీ వెంట వెళ్ళినా ఫోన్‌లో అంతా కనబడుతుందట.

పెట్టె మీద ఉన్న కంపెనీ పేరు చదవడానికి దగ్గరగా వంగాను. దాడికి వచ్చిన పరికరాల్లో చాలావి ఆ కంపెనీవే.

"అన్నయ్యా, దీని పాస్‌వర్డ్ ఎప్పుడైనా మార్చావా?" అన్నాను.

"బిగించినాయన ఏది పెడితే అదేనమ్మాయ్. మార్చాలా?"

అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని పెట్టె సెట్టింగులు తెర మీద తెరిచి, లోపలికి ఎవరెవరికి ప్రవేశం ఉందో చూశాను. లోపల రెండు పేర్లు ఉన్నాయి. ఒకటి అన్నయ్యది. రెండోది అర్థంపర్థం లేని అక్షరాలు, ఆ ఇంట్లో ఎవరూ పెట్టని పేరు. నేను చూస్తూ ఉండగానే ఆ రెండో పేరుతో ఎవరో లోపల ఉన్నారు. అన్నేళ్ళు తెరల మీద ఇలాంటివి చూసినదాన్ని, ఆ గదిలో మాత్రం వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు తల తిప్పి చూశాను.

మా అధికారికి ఫోన్ చేసి, మా ఇంట్లో నేను చూసింది చెప్పాను. ఆపేయవద్దు, నెట్ వైరు మాత్రం పీకేయమన్నారు, పెట్టెను అలాగే ఉంచితే సంబంధిత సంస్థవాళ్ళు వచ్చి తీసుకుంటారన్నారు. వైరు పీకాను. ఇంటర్నెట్ కంపెనీ దగ్గర్నుంచి ఏమైనా కబురు వచ్చిందా అని అన్నయ్యను అడిగితే, ఇంగ్లీషులో ఏదో మెసేజ్ వచ్చిందనీ, ప్రకటన అనుకుని తీసేశాననీ చెప్పాడు. నేను పంపింది ఇన్ని కార్యాలయాలు దాటి, ఒక్కరు కూడా తప్పు చేయకుండా, మా అన్నయ్య బొటనవేలి కింద పోయింది.

అప్పటికే వదిన గుమ్మంలోకి వచ్చింది. దొంగలు కెమెరాలోంచి చూస్తున్నారా అని అడిగింది. ఇలాంటి వాళ్ళకు పెట్టెతోనే పనిగానీ బొమ్మలతో పని ఉండదని చెప్పాను. అది నిజమే. కానీ వదిన నా మొహంలోకే చూస్తోంది.

"షెడ్డు దగ్గరది కూడా కనబడుతుందా?"

"కనబడుతుంది వదినా. చూశారని కాదు. చూడలేదని మాత్రం చెప్పలేను."

వదిన గుమ్మంలోనే కూర్చుంది. ఆమె తల్లి పోయి ఏడాది తిరగలేదు. రోజూ తెల్లవారుతూనే, అందరూ లేవకముందు, షెడ్డు వెనక మేత బస్తాల మీద కూర్చుని ప్రార్థన చేసుకునేదట, ఏడ్చేదట. ఇంట్లో ఎవరికీ తెలియదు.

"దేవుడొక్కడే చూస్తున్నాడనుకుని ఏడ్చేదాన్నమ్మా" అంది.

మా గదిలో ఇలాంటి పెట్టెను శత్రువుకు లొంగిన పరికరం అంటాం. ఒక అడ్రసు, ఒక ఊరు, అంతవరకే. దాని ముందు ఎవరైనా కూర్చుని ఏడుస్తారని ఎన్నడూ అనుకోలేదు.

నాకంటే అన్నయ్య ఎక్కువ దెబ్బతిన్నాడు. "ఇన్నాళ్ళూ అదంతా నా ఫోన్లోనే ఉంది. దొంగల కోసం గట్లు చూసుకున్నానుగానీ, షెడ్డు వైపు ఒక్కసారి చూళ్ళేదు" అన్నాడు. సాయంత్రం నిచ్చెన వేసుకుని షెడ్డు మీది కెమెరా తనే విప్పేశాడు. వదిన మాత్రం నేను ఉన్నన్నాళ్ళూ ఆ వైపు వెళ్ళలేదు.

సంస్థవాళ్ళు మర్యాదగా వచ్చి, రసీదు ఇచ్చి పెట్టె పట్టుకెళ్ళారు. ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక పాస్టరుగారు నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు. చెరువులున్న వాళ్ళందరూ కూర్చున్నారు. సైన్యం సంగతి ఎత్తకుండా, మా ఇంట్లో జరిగిందే చెప్పాను. ఒక పెద్దాయన లేచి, "మా చేపల్ని చూసుకుంటే వాళ్ళకేం వస్తదండీ?" అని అడిగారు. చేపలు వాళ్ళకు అక్కర్లేదండీ, మీ పెట్టెను తీసుకెళ్ళి ఇంకొకరి మీద రాయిలా విసురుతారు అన్నాను. అక్కడ ఎవరూ నవ్వలేదు. ఆ వారమంతా నేనూ అన్నయ్యా గట్ల వెంట తిరిగి పాస్‌వర్డులు మార్పించాం. కొల్లేటికోట దాకా వెళ్ళాం. చాలాచోట్ల బిగించినాయన పెట్టిన పాస్‌వర్డే ఉంది. రెండుచోట్ల ఆ అర్థంలేని పేరూ ఉంది.

డ్యూటీలో తిరిగి చేరాక మా అధికారి పిలిచి, ఆ రోజు మన మీదికి వచ్చినవాటిలో మీ అన్నగారి పెట్టె కూడా ఉంది అన్నారు. అప్పటికి ఊహించిందే.

కొన్ని నెలల తరువాత వదిన ఫోన్ చేసి మళ్ళీ షెడ్డు దగ్గరకు వెళ్తున్నానని చెప్పింది. మీ అన్నయ్య కూడా లేచి రెండు గ్లాసుల్లో టీ పట్టుకొస్తున్నారమ్మా అంది. ఏం మాట్లాడతాడని అడిగాను.

"ఏం మాట్లాడరు. పక్కన కూర్చుంటారంతే."