ఆదివారం విప్పిన గుండుసూది

పదిహేనేళ్ళుగా ఒక గుండుసూది బరువు మోస్తున్నాను. గుండుసూదికి బరువేమిటని మీకు నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను. నాకూ మొదట్లో నవ్వే వచ్చేది. పేపర్లో పజిల్ దగ్గర ఆడిన చిన్న దొంగాట, ఇదీ ఒక తప్పేనా, దీని గురించి ఎవరైనా ఇంత ఆలోచిస్తారా అని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని. సర్దిచెప్పుకోవడం నాకు బాగా వచ్చు. ఆ విద్యతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాను.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే కాస్త ధైర్యంగా ఉంది. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను మంచిదానిలా చూపించుకుంటున్నానని మీకనిపిస్తే, అక్కడ నన్ను నమ్మకండి.

అప్పట్లో నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. ఇల్లు తెనాలిలో, ఆఫీసు రేపల్లెలో. పొద్దున్నే పాసింజర్ ఎక్కేదాన్ని. సీజన్ టిక్కెట్టు మీద రోజూ తిరిగేవాళ్ళం ఒకే పెట్టెలో, ఎవరి చోట వాళ్ళం కూర్చునేవాళ్ళం. కొత్తవాళ్ళు పొరపాటున కూర్చుంటే వాళ్ళ పక్కనే నిలబడి చూసేవాళ్ళం, లేచేదాకా. ఆ గుంపుకి పెద్ద సుగుణ టీచర్‌గారు. అంగలకుదురు నుంచి ఆటోలో వచ్చి బండెక్కేవారు. రేపల్లె హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. ఆదివారం వాళ్ళ చర్చిలో వాక్యం చదివేది కూడా ఆవిడే. ఆ గొంతు వింటే ఎందుకు చదవమనేవారో తెలిసేది.

సోమవారం మాకు పండగ. ఆదివారం పేపరుతో వచ్చే పుస్తకంలో చివరి పేజీ మీద ఒక గళ్ళనుడికట్టు ఉండేది. అది కూర్చేవారెవరోగాని, మాతో చెవులాట ఆడేవారు. చూస్తే ఒక మాట, పైకి అంటే రెండు. 'నిద్రలో వచ్చింది, దేవుడిచ్చింది, రెండూ కలిస్తే కంగారు' అని ఆధారం ఇచ్చేవారు. కల, వరం. కలవరం. ఎంతసేపు కళ్ళప్పగించి చూసినా అది తట్టదు. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. అందుకని దాన్ని బండిలో అందరం కలిసే చెయ్యాలని టీచర్‌గారు ఒక పద్ధతి పెట్టారు. ఆదివారం పేపరు రాగానే ఎవరింట్లో వాళ్ళు ఆ పేజీని లోపలికి మడిచి గుండుసూది గుచ్చెయ్యాలి. సోమవారం బండి తెనాలి దాటాకే అందరూ సూది తియ్యాలి. బ్యాంకులో పనిచేసే సుబ్బారావుగారు గొంతు సవరించుకుని ఒక్కో ఆధారం రెండుసార్లు చదువుతారు. తట్టినవాళ్ళు చెప్పేయడమే. 'ఆదివారం విప్పినవాళ్ళకి సోమవారం నోరు లేదు' అనేవారు టీచర్‌గారు. అంతే, అదే చట్టం. ఎవరి సూదినీ ఎవరూ పరీక్షగా చూసేవాళ్ళు కాదు. విప్పచ్చు కదా అన్న ఆలోచన ఆ పెట్టెలో ఎవరికీ వచ్చి ఉండదు. నాకు వచ్చింది.

టీచర్‌గారు కళ్ళు మూసుకుని వినేవారు. పెదాలు మాత్రం కదిలేవి. సుబ్బారావుగారు రెండోసారి చదవడం పూర్తి కాకముందే మాట వచ్చేసేది. దాన్ని ఎక్కడ విరవాలో విరిచి చెప్పి, చిన్నపిల్లలా నవ్వేవారు. పెట్టెలో అందరూ ఆవిడ వైపే చూసేవారు. శనక్కాయలమ్మే అతను కూడా గంప దించి నిలబడేవాడు. ఆ చూపు నాకు కావాలనిపించింది. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాస్తున్నాను గాని, ఇది ఒప్పుకోవడానికే నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నేను కాన్వెంటులో చదివాను. తెలుగు అంతంతమాత్రం. చేరిన కొత్తలో ఒక సోమవారం 'నావీ నీవీ కలిపితే పెద్దలకి పెట్టుకునే విన్నపం' అని చదివారు. నేను గట్టిగా 'అప్లికేషన్' అన్నాను. పెట్టెంతా నవ్వు. వేమూరు వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నారు. టీచర్‌గారు కూడా నవ్వారు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "మనవి, అమ్మాయ్. మనవి" అన్నారు మెల్లగా. వాళ్ళ నవ్వుని క్షమించాను. ఆ చేతిని క్షమించలేకపోయాను. ఎందుకు? ఆవిడ నన్ను జాలిగా చూశారనా? లేక ఆవిడ మంచితనం పక్కన నేను మరీ చిన్నగా కనిపించాననా? నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని రాస్తున్నానంటే తెలుసుకోవడం ఇష్టం లేదేమో.

ఆ తర్వాతి ఆదివారం మా అమ్మ వంటింట్లో ఉండగా సూది తీశాను. చేతులు వణికాయని రాస్తే బాగుంటుంది. వణకలేదు. నిఘంటువు ముందు పెట్టుకుని, ఒక్కో ఆధారం నాకు నేనే పైకి చదువుకుంటూ, మధ్యాహ్నం భోజనం కూడా చల్లారబెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రానికి చాలావరకు వచ్చాయి. రాకపోతే ఎలా? రోజంతా తవ్వితే ఎవరికైనా నీళ్ళు పడతాయి. తర్వాత పేజీ మడిచి, అదే రెండు చిల్లుల్లోంచి సూది గుచ్చాను. ఆ జాగ్రత్త చూడండి. ఆ జాగ్రత్త తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

మొదటి వారం ఒకటీ అరా చెప్పి ఊరుకున్నాను. అనుమానం రాకూడదు కదా. దొంగకి ఓపిక ఉండాలి. వారాలు గడిచేకొద్దీ పెంచాను. కొన్ని తెలియనట్టు నొసలు చిట్లించేదాన్ని, కొన్ని సగం చెప్పి ఆగేదాన్ని. "అమ్మాయి చెవి పదునెక్కిందండోయ్" అన్నారు సుబ్బారావుగారు. టీచర్‌గారే అందరికంటే ఎక్కువ సంతోషించారు. నిజం. తన శిష్యురాలిని అన్నట్టు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఈ మాటలు రాయాల్సిన పని ఉండేది కాదు. ఆగలేదు. ఆవిడ నోరు తెరిచేలోపు నేను చెప్పెయ్యాలి. అదే ఆట అయిపోయింది నాకు.

మెల్లగా ఆవిడ తడబడటం మొదలైంది. కళ్ళు మూసుకునేవారు, పెదాలు కదిలేవి, ఈలోగా నా గొంతు వినపడేది. ఉలిక్కిపడి కళ్ళు తెరిచేవారు. అలా కొన్నాళ్ళు జరిగాక, నేను కావాలని ఆగినప్పుడు కూడా ఆవిడకి తట్టేది కాదు. పోటీలో ఉన్న మనిషికి మాట దొరకదు, భయపడ్డ మనిషికి అసలు దొరకదు. ఆ సంగతి ఇప్పుడు తెలుసు. ఒకరోజు మరువం అనే మాట ఆవిడకి రాలేదు. ఇంటి ముందు కుండీలో మరువం పెంచే మనిషి. నేను చెప్పేసి, నవ్వుతూ, "ఏంటి టీచర్‌గారూ, మతిమరుపు వచ్చేసిందా?" అన్నాను. అందరూ నవ్వారు. తిలాపాపం తలా పిడికెడు అనుకుందామా? అనుకోలేను. వాళ్ళు నవ్వింది ఒక హాస్యానికి. ఆ హాస్యం వెనక ఏముందో తెలిసింది నాకొక్కదానికే.

ఆ సాయంత్రం రేపల్లె స్టేషన్లో తిరుగు బండి కోసం కూర్చున్నాం. మిగతావాళ్ళు టీ తాగడానికి వెళ్ళారు. బెంచీ మీద మేమిద్దరమే.

"అమ్మాయ్, ఒకటడుగుతా, నిజం చెప్పు."

"అడగండి టీచర్‌గారూ."

"నీకంత గబుక్కున ఎట్టా తడుతున్నాయమ్మా?"

"ఏమోనండి. వినగానే వచ్చేస్తన్నాయండి."

"నాకు రావట్లేదు. మా అమ్మకీ ఇట్టాగే మొదలైంది. ముందు మాటలు పోయినయ్. తర్వాత మనుషులు పోయారు. ఆఖర్న నా చేత్తో అన్నం తింటా, ఎవరమ్మా నువ్వు అనేది. నాకూ అదేనేమోనని భయంగా ఉంది."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చున్నాను. నేను ఆదివారమే చూసి వస్తున్నానండి అంటే చాలు. ఆవిడ నన్ను తిట్టేవారు, మర్నాటినుంచి నేను వేరే పెట్టె ఎక్కేదాన్ని, అంతకుమించి ఏమయ్యేది? నాలుక చివరిదాకా వచ్చింది. అదే సమయానికి టీ కొట్టు దగ్గర సుబ్బారావుగారు ఎవరికో నన్ను చూపించి ఏదో మెచ్చుకోలుగా చెప్తున్నారు.

"వయసొస్తే అంతే కదండీ" అన్నాను.

"అవునమ్మా. అంతే" అన్నారావిడ.

నా తప్పు ఏదని అడిగితే, సూది విప్పడం అని చెప్పను. ఈ ఒక్క మాట. నాకు ఆవిడంటే కోపం కూడా లేదప్పుడు. ఆ మాట ఎంత మామూలుగా వచ్చిందో తలుచుకుంటే నా నోరంటే నాకే భయం వేస్తుంది.

ఆ తర్వాత ఆవిడ ఆటలో మాట్లాడటం మానేశారు. చర్చిలో వాక్యం చదవడం మానేశారని ఎవరో అన్నారు, మధ్యలో తప్పిపోతానేమోనని అట. సంక్రాంతి సెలవుల తర్వాత ఇక బడికి రాలేదు. ఇంకా చాలా సర్వీసు ఉంది. పాఠం మధ్యలో మాట దొరక్కపోతే పిల్లల ముందు ఎలా నిలబడతానని, తనంతట తానే విరమణ తీసుకున్నారు. భర్త ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. బాపట్లలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతూ, ఒక సోమవారం మా అందరినీ చూడటానికి బండెక్కారు. తను వాడే నీలం తల గుండుసూది నా చేతిలో పెట్టి, "నువ్వున్నావుగా, ఆట ఆగదు" అన్నారు. తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

మళ్ళీ ఎప్పుడూ ఆదివారం విప్పలేదు. పశ్చాత్తాపం అనుకుంటారేమో, కాదు. గెలవడానికి ఎదురుగా ఎవరూ లేరు. సోమవారాలు నాకు ఒక్క మాటా తట్టేది కాదు. టీచర్‌గారి మీద బెంగ పెట్టుకుందని అందరూ నన్ను ఓదార్చారు. కొన్నాళ్ళకి ఆట దానంతటదే ఆగిపోయింది.

ఈమధ్య నాకు బాపట్ల బదిలీ అయింది. చాలా రోజులు టీచర్‌గారు ఉండే వీధివైపు వెళ్ళలేదు. చివరికి ఒక మధ్యాహ్నం వెళ్ళాను.

గేటు దగ్గర నిలబడి వాళ్ళ చెల్లెలితో మాట్లాడుతుంటే లోపల్నుంచి నా పేరు వినపడింది. గొంతు బట్టి గుర్తుపట్టారు. కూర్చున్నాక నా పసుపు టిఫిన్ డబ్బా గురించి అడిగారు. సుబ్బారావుగారు గొంతు ఎలా సవరించుకునేవారో చేసి చూపించారు. ఎవరు ఏ కిటికీ దగ్గర కూర్చునేవారో, ఎవరు ఏ స్టేషన్లో దిగేవారో, నేను మర్చిపోయినవి కూడా చెప్పారు. ఏమీ పోలేదు. ఆ బుర్రలోంచి ఒక్క మాటా పోలేదు.

టీ కప్పులు ఇవ్వడానికి వంటింట్లోకి వెళితే చెల్లెలు చెప్పింది. "అక్కకి ఏ జబ్బూ లేదమ్మా. గుంటూరు డాక్టర్లు ఎన్నిసార్లో చూశారు. తను నమ్మదు. ఒక్కతే బజారుకెళ్ళదు, పొయ్యి వెలిగించదు, మా ఇంట్లో పిల్లల్ని ఎత్తుకోదు. ఎప్పుడు మొదలవుద్దో అని కూర్చుంటది. పదిహేనేళ్ళ నుంచి ఇంతే." పేపరు ఇచ్చేముందు పజిల్ పేజీ తీసేసి ఇవ్వమంటారట.

వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాను.

"టీచర్‌గారూ, నేను ఆదివారమే విప్పేదాన్నండి."

"ఏంటమ్మా విప్పేది?"

"పజిల్ పేజీ. సూది తీసి, అన్నీ చూసుకుని మళ్ళీ గుచ్చేసి వచ్చేదాన్నండి. మీకేం కాలేదు. అప్పుడూ కాలేదు, ఇప్పుడూ కాలేదు. నేను దొంగాట ఆడాను. మీరు అడిగితే కూడా చెప్పలేదు."

నేను తిట్టు కోసం ఎదురుచూశాను. కొట్టినా బాగుండేది.

"మా చెల్లి చెప్పమందా?"

"లేదండి. ఒట్టండి. నిజంగా విప్పానండి."

బ్యాగులోంచి నీలం సూది తీసి చూపించాను. ఏం రుజువు చేద్దామనో నాకే తెలియదు. ఆవిడ దాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. "ఇంకా దాచుకున్నావా, పిచ్చిదానా" అన్నారు. నా భుజం మీద చెయ్యి వేశారు. అదే చెయ్యి. "ఎంత మంచిదానివమ్మా. నా దిగులు పోగొట్టాలని నెపం నీమీద వేసుకుంటన్నావు. మన పెట్టెలో ఆదివారం సూది విప్పేవాళ్ళు ఎవరున్నారమ్మా?"

మళ్ళీ చెప్పాను. ఏడ్చి చెప్పాను. ఏడ్చేకొద్దీ ఆవిడకి నా మీద ప్రేమ ఎక్కువైంది. మాలో ఒకరు సూది విప్పారని నమ్మడం కంటే, తన మనసే చెడిపోతోందని నమ్మడం ఆవిడకి తేలిక. ఆ పెట్టె మీద, మా మీద అంత నమ్మకం.

వెళ్ళేటప్పుడు చెల్లెలి చెయ్యి పట్టుకుని గేటు దాకా వచ్చారు.

"నిన్ను నేను గుర్తుపట్టగలిగుండగానే మళ్ళీ రామ్మా" అన్నారు.

వెళుతూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ చెప్తున్నాను. ప్రతిసారీ ఆవిడ నవ్వి నాకు టీ ఇప్పిస్తారు. క్షమించమని ఆవిడని అడగలేను. తప్పే జరగలేదంటున్న మనిషి ఏం క్షమిస్తుంది? మిమ్మల్నీ అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క నమ్మకం మాత్రం అడుగుతున్నాను. ఈ నిజాన్ని నమ్మే మనిషి నాకు ఇంతవరకూ ఒక్కరూ దొరకలేదు. మీరైనా నమ్మండి. విప్పింది నేనే.