మా ఎవరుచెప్పారు బావగారు

మా బావగారికి ఏదీ నమ్మబుద్ధి కాదు. అనుమానం పెనుభూతమంటారు, మా అక్క ఆ భూతాన్ని కోరి పెళ్ళి చేసుకుంది. గోడ గడియారం పది చూపిస్తే ఆయన తన చేతి గడియారం చూసుకుంటారు. అదీ పదే చూపిస్తే, రెండూ కూడబలుక్కున్నాయేమోనని పక్కింటాయన్ని టైము అడిగి వస్తారు. వాన పడుతోందని రేడియో చెబితే కిటికీలోంచి చెయ్యి బయట పెడతారు. చెయ్యి తడిస్తే, పైవాళ్ళు కుండీలకి నీళ్ళు పోస్తున్నారేమో అంటారు. మనం ఏ కబురు మోసుకెళ్ళినా ఆయన నోటి నుంచి ముందు ఊడిపడేది ఒకటే ప్రశ్న: "ఎవరు చెప్పారు?"

ఇంటికి తాళం వేశాక దాన్ని పట్టుకుని వేలాడతారు. మెట్లు దిగాక మళ్ళీ ఎక్కి ఇంకోసారి వేలాడతారు. "ఆ తాళమంటూ ఊడితే దొంగ వల్ల కాదండీ, మీ వల్లే ఊడుతుంది" అని అక్క కింద నుంచి అంటుంది. ఆయన ఆ మాట కూడా నమ్మక మూడోసారి లాగి చూస్తారు.

మా అక్క కూతురికి ఒకసారి లెక్కల్లో మార్కులు మరీ ఘోరంగా వచ్చాయి. అక్క చేతికి గరిటె దొరికింది. బావగారు మాత్రం పిల్లని పల్లెత్తు మాట అనకుండా ప్రశ్నపత్రాన్ని దీపం కింద పెట్టుకుని, ఇందులో అచ్చుతప్పు ఉండి తీరాలి అన్నారు. అది పట్టుకోవడానికి లెక్కలన్నీ ఆయనే చేశారు. పక్కన కూర్చోబెట్టుకున్న పాపానికి పిల్లకీ వచ్చేశాయి. అచ్చుతప్పు మాత్రం దొరకలేదు. అక్క కూరలో రెండుసార్లు ఉప్పు వేసిన రోజైతే ఆయన చేతిలోకి ఉప్పు డబ్బా తీసుకుని, మూత వదులైంది, దీన్ని నమ్మడానికి లేదు అని తీర్పు చెప్పారు. ఈ మనిషికి పిచ్చి ముదిరిందని నేను అప్పుడే తేల్చేసుకున్నాను.

నేను ఆయనకి మరదల్ని కావడమే కాదు, ఆయన పనిచేసే చోటే నాకూ ఉద్యోగం. అంచేత ఈ భూతం నన్ను ఇంట్లోనూ ఆఫీసులోనూ వదలదు. మాది చూపులేని పిల్లల కోసం పాఠాలు చదివి రికార్డు చేసే సంస్థ. చదివేవాళ్ళు గాజు గదిలో కూర్చుని చదువుతారు. నేను ఇవతల హెడ్‌ఫోన్లు తగిలించుకుని వాళ్ళ దగ్గులూ తుమ్ములూ కుర్చీ కిర్రుమన్న చప్పుళ్ళూ కత్తిరిస్తాను. ఆ గొంతులన్నీ చివరికి చేరేది నడవా చివర చల్లటి గదిలో ఉన్న సర్వరుకి, అంటే యూనిక్స్ అనే పద్ధతి మీద నడిచే పెద్ద కంప్యూటరుకి. దానికి కాపలా మా బావగారు. ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాలిచ్చేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన ఎవరుచెప్పారు గారే.

ఆ సర్వరులో డిస్కులు చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కలిపి ఒకే కుప్ప కింద లెక్కగట్టి, అందులోంచి ఎవరికి ఎంత చోటు కావాలో అంత వాటా పంచిపెట్టడం బావగారి పని. ఒక్కో వాటాని ఒక్కో వాల్యూము అంటారు. ఉమ్మడి కొంపలో పెద్దాయన తమ్ముళ్ళకి గదులు పంచడం లాంటిదే. ఎవరికైనా ఇరుకైతే కుప్పలోంచి ఇంకాస్త తీసి వాళ్ళ గది పెంచవచ్చు.

ఒకసారి ఆ డిస్కుల్లో ఒకటి పాడైంది. వాటిల్లో కొన్ని జంటలుగా ఉంటాయి. రెండిట్లోనూ ఒకటే సరుకు ఉంటుంది కనుక ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. పాడైనదాన్ని లాగబోయి పొరపాటున బాగున్నదాన్ని లాగితే మాత్రం కొంప కొల్లేరే. ఏది ఏదో తెలియడానికి ప్రతి డిస్కు మీదా చీటీ అంటించి ఉంది. మా మేనేజరు గారు ఆ చీటీ చూపించి, ఇదేనండీ, లాగెయ్యండి అన్నారు.

"ఆ చీటీ అంటించింది ఎవరు?" అన్నారు బావగారు.

"మీరే కదండీ."

"అయితే అసలే నమ్మకూడదు."

నన్ను బయట కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, బాగున్న డిస్కుని కావాలని ఆగి ఆగి చదివించారు. నేను చదివించినప్పుడల్లా లోపల ఏ దీపం మిణుకుతుందోనని ఆయన దాని ముందు గొంతుకూర్చున్నారు. "ఇప్పుడు?" "చదివిస్తున్నా." "ఇప్పుడు?" "ఆపాను బావగారూ." మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఇదే సంగీతం. చివరికి చీటీ సరిగ్గానే ఉందని తేలింది. ఆ రోజంతా ఆయన ఏదో పోగొట్టుకున్నవాడిలా తిరిగారు.

ఇలాంటి మనిషిని తిరిగి అనుమానించకుండా లోకం ఊరుకుంటుందా? కొత్త డిస్కులు కొన్నాక కూడా ఎవరు చోటు అడిగినా ఆయన లేదనే చెప్పేవారు. మేనేజరు గారు వాటాలన్నీ కూడి చూస్తే కుప్ప కన్నా తక్కువ వచ్చింది. మిగతాది ఏమైనట్టు? సినిమాలు దాచుకున్నాడని కొందరు, చాటుగా ఇంకెవరి పనో చేసిపెడుతున్నాడని కొందరు గుసగుసలాడుకున్నారు. మేనేజరు గారు చెప్పుల చప్పుడు కాకుండా ఆయన వెనక్కి వచ్చి తెర మీదికి తొంగిచూడటం మొదలుపెట్టారు. బావగారు కూడా వెనక ఎవరొస్తున్నారో కనిపించేలా తెర పక్కన చిన్న అద్దం పెట్టుకున్నారు. నాకూ లోపల పురుగు దొలిచింది. అక్కని అడిగితే, "ఇంట్లోనూ అంతేనే. ఒక బల్బు, ఒక అగ్గిపెట్టె, ఒక కొవ్వొత్తి ఎక్కడో దాస్తారు. ఉన్నాయా అంటే లేవంటారు. ఎక్కడ దాస్తారో కట్టుకున్నదాన్ని నాకే తెలీదు" అంది.

ఇక అసలు సంగతి. ఆ రోజు పొద్దున్న అక్కకి ఒళ్ళు వేడిగా అనిపించింది. థర్మామీటరు జ్వరం లేదంది. బావగారు దాని మాట నమ్మక ఇంకొకటి కొనుక్కొచ్చారు. అది ఉందంది. ఆ రెండిటి తగవు తీర్చడానికి మూడోదాని కోసం బజారుకి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే ఆఫీసులో సర్వరు, పాఠాలు దాచే వాల్యూము నూటికి నూరు శాతం నిండిపోయిందని కేకలు మొదలుపెట్టింది. నేను ఫోను చేశాను.

"బావగారూ, డిస్కు నిండిపోయింది."

"ఎవరు చెప్పారు?"

"సర్వరే చెప్పింది."

"అది అలాగే అంటుంది. నేను వచ్చేదాకా ఎవరినీ ఏదీ ముట్టుకోవద్దని చెప్పు."

చెప్పాను. ఆయన ఎప్పుడూ అనే మాటే కదా అని మేనేజరు గారు పట్టించుకోలేదు. ఎవరి పాత సరుకు వాళ్ళు వెంటనే తుడిచెయ్యమని హుకుం జారీ చేశారు.

మా దగ్గర సైన్సు పాఠాలు చదివే ఆవిడ ఒకరున్నారు. అందరం సైన్సమ్మ అంటాం. చాలా ఏళ్ళు ఇంటిపట్టున ఉండి, పిల్లలు ఎదిగాక మళ్ళీ ఉద్యోగంలో చేరింది. ఇంకా పర్మనెంటు కాలేదు. ఒకసారి ఆలస్యమైనందుకే మేనేజరు గారు, ఇంకొక్క తప్పు జరిగితే మీ సంగతి ఆలోచించాల్సి వస్తుంది అన్నారు. ఆ భయంతో ఆవిడ హుకుం వినగానే అందరికన్నా ముందు తుడవడం మొదలుపెట్టింది. పాడైపోయిన పాత రికార్డింగులు తుడిచింది. అంకె నూరు దగ్గరే ఉంది. ఇంకాస్త తుడిచింది. అంకె కదలదు. పొద్దుటి నుంచి ఒక ప్రోగ్రాము ఆవిడ పాఠాలన్నిటినీ ఒక్కుమ్మడిగా తెరిచి, వరసలో కుట్టి ఒక పుస్తకంగా తయారు చేస్తోంది. అది అయిపోయే ఉంటుంది, ఇక విడి పాఠాలతో పనేముందనుకుని వాటినీ తుడిచేసింది. అంకె అప్పటికీ నూరే. తీరా చూస్తే పుస్తకం లేదు. చోటు చాలక ఆ ప్రోగ్రాము సగంలోనే గుడ్లు తేలేసింది.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఆ పాఠాల కోసం పిల్లల బడులన్నీ కాచుకుని ఉన్నాయి. నకళ్ళు దాచే యంత్రం ఉంది గానీ, దాని చప్పుడు మీద అనుమానం వచ్చి బావగారు ఆ వారమే రిపేరుకి పంపించారు. దానికి ఏ రోగమూ లేదని ఆ తర్వాత తెలిసింది. సైన్సమ్మ నా గదిలోకి వచ్చి తలుపు వేసి, ఉద్యోగం పోతే పోయింది, ఆ పిల్లలకి ఏం చెప్పను అని కూలబడింది.

పాఠాలు మాయమయ్యాయన్న కబురు దాగుతుందా, గుప్పుమంది. ఎవరు తుడిచారన్నది మాత్రం ఇంకా పొక్కలేదు. మేనేజరు గారు, ముందు ఆ సర్వరు ఆపి మళ్ళీ పెడదాం, దెబ్బకి అదే దారికొస్తుంది అంటూ నడవా చివరికి బయల్దేరారు, నేనూ సైన్సమ్మా వెనకే పరుగెత్తాం. అప్పటికే బావగారు వచ్చి ఉన్నారు. జేబులో మూడు థర్మామీటర్లు పొడుచుకు కనబడుతున్నాయి. ఒక్కసారి తెర చూసి, ఏదో కొట్టి, మళ్ళీ చూసి, లేచి వచ్చి గది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"తప్పుకోండి. ఆపి పెడితే సరిపోతుంది" అన్నారు మేనేజరు గారు.

"ఆపకూడదండీ."

"ఆపొద్దంటున్నారంటే నాకు అనుమానంగా ఉంది. లోపల ఏం దాచారు మీరు?"

"మీరు స్విచ్చి నొక్కితే ఆ పాఠాలు నిజంగానే పోతాయి."

"అయ్యా, అవి ఎప్పుడో పోయాయి."

"పోయాయని ఎవరు చెప్పారు?" అన్నారు బావగారు.

పుట్టి బుద్ధెరిగాక ఆ ప్రశ్న నా చెవికి తియ్యగా వినిపించింది అప్పుడే. ఆయన మేనేజరు గారిని కుర్చీలో కూర్చోబెట్టి మెల్లిగా చెప్పుకొచ్చారు. యూనిక్స్‌లో ఫైలు తుడిస్తే ముందు పోయేది దాని పేరే. ఏదైనా ప్రోగ్రాము దాన్ని తెరిచి పట్టుకుని ఉంటే, అది వదిలేదాకా సరుకు ఎక్కడికీ పోదు. గుమ్మం మీద పేరు పలక పీకేసినంత మాత్రాన లోపలి మనిషి ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు కదా. కుట్టే ప్రోగ్రాము బిగుసుకుపోయింది గానీ చావలేదు, పాఠాలన్నిటినీ గుప్పిట్లో పట్టుకునే ఉంది. అందుకే ఎంత తుడిచినా చోటు పెరగలేదు. సర్వరు ఆపితే ఆ గుప్పిడి తెరుచుకుంటుంది, పాఠాలు ఆవిరవుతాయి.

"మరి వాటిని తీసి ఎక్కడ పెడతారు? చోటు లేదుగా" అన్నారు మేనేజరు గారు.

బావగారు గొంతు సవరించుకున్నారు. కుప్పలోంచి ఎవరికీ పంచకుండా అట్టేపెట్టిన భాగం ఒకటి బయటికి తీసి, మా కళ్ళ ముందే కొత్త వాల్యూము కట్టారు. పెద్దదే.

"చోటు లేదన్నారు కదండీ."

"ఎవరన్నారు?"

"మీరే."

"నా మాట నమ్మారా?" అన్నారు బావగారు, నిజంగా ఆశ్చర్యపోయి.

ముందు ఆ ప్రోగ్రాముని ఉన్నచోట ఉన్నట్టే కదలకుండా నిలిపారు. ఆ తర్వాత దాని గుప్పిట్లోంచి ఒక్కో పాఠాన్నీ కొత్త చోటికి ఎత్తారు. సర్వరు ప్రతిసారీ, అంతా సవ్యంగా వచ్చిందని చెబుతూనే ఉంది. దాని మాట ఎవరిక్కావాలి? నన్ను హెడ్‌ఫోన్లు పెట్టుకోమని, ప్రతి పాఠమూ మొదలూ మధ్యా చివరా వినిపించారు. ఆకులు వెలుతురుతో తిండి ఎలా తయారు చేసుకుంటాయో సైన్సమ్మ గొంతు చల్లగా చెబుతోంది. అసలు సైన్సమ్మ నా వెనక కుర్చీ పట్టుకుని నిలబడింది. "మీదేనా?" అని నేను హెడ్‌ఫోన్లు ఆవిడకిచ్చాను. ఆవిడ విని తలూపింది. ఏడవలేదు గానీ, ఆ తలూపడం ఒక పట్టాన ఆగలేదు.

అన్నీ వచ్చాక మేనేజరు గారికి ఊపిరితో పాటు అధికారమూ తిరిగి వచ్చింది. ఇంత పని ఎవరు చేశారు అన్నారు. అంకె కదలకపోవడం వల్ల జరిగిందన్నారు బావగారు. చోటు పెరగకపోతే పాపం ఎవరైనా తుడుస్తూనే పోతారు, తప్పు ఆ అంకెదే.

"నేనడిగింది అది కాదు. తుడిచింది ఎవరు? ఎవరు ఏ ఆజ్ఞ ఇచ్చారో సర్వరు రాసిపెడుతుందని మీరే ఒకసారి చెప్పారు."

బావగారు ఆ చిట్టా తెరిచారు. అందులో సైన్సమ్మ పేరు తెరకి ఇటువైపున్న నాకు కనబడుతోంది, అటువైపున్న మేనేజరు గారికి కనబడటం లేదు. బావగారు దాన్ని దగ్గరగా చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఒక పేరు చెబుతోందండీ. కానీ ఈ యంత్రం మాట నేనెప్పుడు నమ్మాను గనక?" అని తెర ఆర్పేశారు.

ఇన్నేళ్ళుగా గడియారాన్నీ చీటీనీ థర్మామీటరునీ నమ్మని మనిషితో, ఇదొక్కటి నమ్మండి అని మేనేజరు గారు ఎలా అంటారు? పైగా తుడవమని హుకుం ఇచ్చింది తానేనని గుర్తొచ్చినట్టుంది. పాఠాలు దొరికాయి కదా, పోనీలెండి అనుకుంటూ, ఈసారి చెప్పుల చప్పుడు బాగానే చేసుకుంటూ వెళ్ళిపోయారు. సైన్సమ్మ ఏదో చెప్పబోతే బావగారు, మంచినీళ్ళ కూజా నిండినట్టు కనబడుతున్నా తనకి నమ్మకం లేదంటూ అటు నడిచారు.

ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే భోజనానికి ఆగాను. మూడు థర్మామీటర్ల తీర్పు ఇంకా రాకముందే అక్క మంచం దిగి వంట చేసింది. కూర నోట్లో పెట్టుకోగానే నాకు సంగతి అర్థమైంది. జ్వరం మత్తులో ఉప్పు మళ్ళీ రెండుసార్లు పడింది. బావగారు ముద్ద మింగి, అల్మరాలోని ఉప్పు డబ్బా వైపు గుర్రుగా చూశారు. ఇన్నేళ్ళలో ఆయన అనుమానించినవన్నీ ఒక్కసారి గుర్తు చేసుకున్నాను. గడియారాలు, తాళాలు, అచ్చు కాగితాలు, డబ్బా మూతలు. వాటిల్లో ఊపిరి ఉన్నది ఒక్కటీ లేదు. ఇన్నాళ్ళూ నేను పిచ్చి అనుకున్నది దీన్నా అని ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది. మరదల్ని కనుక అది పైకి తేలనివ్వకుండా అడిగాను.

"బావగారూ, సైన్సమ్మ పేరు మీరు చూశారు కదా. నేనూ చూశాను."

"ఎవరు చెప్పారు?"

"సరే. కూరలో ఉప్పు ఎక్కువైంది కదా?"

అక్క గరిటె పట్టుకుని ఆయన మొహం చూస్తోంది.

"ఎవరు చెప్పారు?" అని బావగారు ఇంకాస్త వడ్డించుకుని, చెయ్యి చాపి మంచినీళ్ళ చెంబు దగ్గరికి లాక్కున్నారు.