పొద్దు గుంకని దేశానికి మూడో కోటు

ఓడ ఎట్లా ఉంటుందో నేను మొదటిసారి పంజగుట్టలో చూశాను. నిజం ఓడ కాదు, బొమ్మ. గుట్ట మీది బంగళాలో ఉండే దొరసానమ్మ ఒక బొమ్మల పుస్తకం తెచ్చి వరండాలో చాప మీద పరిచి, "ఇదిగో, మనం వెళ్ళేది ఇందులోనే" అంది. "మనం" అంది. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని కూడా లేదు.

ఆమె భర్త సర్కారులో నీటి కాలువలు తవ్వించే ఇంజనీరు. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చినవాళ్ళు. ఆయనకు పొడుగాటి సెలవు దొరికింది. బొంబాయిలో ఓడెక్కి విలాయత్ పోయి, అక్కడ ఇంకో ఓడెక్కి ఉత్తరానికి, నార్వే అనే దేశానికి పోవాలని వాళ్ళ ఏర్పాటు. ఆ ఓడ ఎవర్నీ ఎక్కడికీ చేర్చడానికి కాదట, ఊరికే కొండలూ మంచూ చూపించి తిప్పి తెస్తుందట. వాళ్ళకు నడక వచ్చీరాని పాప ఉంది. ఆ పాపను ఎత్తుకోవడానికి నేను. పాపకు నా చంక తప్ప ఇంకో చంక పనికిరాదు. అందుకే దొరసానమ్మ నన్ను ఎంచుకుంది.

మాది అమీర్‌పేట. మా తాతలు మగ్గం నేసినవాళ్ళు. మగ్గం కూడు పెట్టక మా నాయిన పట్నం వచ్చి కుట్టు నేర్చుకున్నాడు. ఇంటి ముందటి అర్రలో మిషను, వెనక అర్రలో మేము. గుట్ట మీది బంగళాల బట్టలన్నీ ఆయనే కుట్టేవాడు. కాజాలు, అంటే బొత్తాం దూరే రంధ్రాల చుట్టూ చేత్తో వేసే కుట్టు, నా పని. నా కాజాలకు పేరుండేది, గొప్పకు చెప్పడం లేదు. కుట్టిన బట్టలు మూటగట్టుకుని జొన్నచేల మధ్య దారి పట్టి పంజగుట్టకు పోవడం కూడా నా పనే. అట్లా పోయిపోయి దొరసానమ్మ దగ్గర చదవడం నేర్చుకున్నాను, పాపకు చేరువయ్యాను.

ఆమె మా నాయిన్ని పిలిపించి అడిగింది. మా నాయిన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, "మీ బిడ్డె అనుకోండ్రి దొరసానమ్మా, తీస్కపోండ్రి. గింత భాగ్యం మా ఇండ్లల్ల ఎవలకొస్తది" అన్నాడు. నేను స్తంభం వెనక నిలబడి విన్నాను. ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆ తర్వాత చలికాలమంతా మాకు ఇదే పని. సాయంత్రం కాగానే చాప పరుచుకుని కూర్చునేవాళ్ళం. బొమ్మల్లో కొండలు తిన్నగా సముద్రంలోకి దిగి ఉండేవి, ఒడ్డనేదే లేకుండా. వాటి మీదినుంచి నీళ్ళు దూకుతున్నాయి. మనిషి జాడ లేదు, ఎక్కడో ఒక చెక్క ఇల్లు తప్ప. ఎండాకాలంలో అక్కడ అర్ధరాత్రి కూడా పొద్దు గుంకదని దొరసానమ్మ చదివి చెప్పింది. "మరి కోడి ఎప్పుడు కూస్తది?" అన్నాను. ఆమె పుస్తకమంతా తిరగేసింది, కోడి సంగతి అందులో లేదు. "నువ్వే చూసొచ్చి చెప్పవే" అంది. ఇంటికి పోయి అమ్మకు చెబితే అమ్మ ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. "పొద్దు గుంకనికాడ దీపం ఏ యాళకు ముట్టిస్తరే?" అంది. దానికీ దొరసానమ్మ దగ్గర జవాబు లేదు.

ఓడ ఊగుతుందనీ, తిన్నది కడుపులో నిలవదనీ ఎవరో ఆమెను భయపెట్టారు. అందుకని వరండాలోని ఉయ్యాల బల్ల మీద కూర్చుని ఉప్మా తినడం మొదలుపెట్టాం. పాప నా ఒళ్ళో, దొరసానమ్మ నా పక్కన, పనిమనిషి వెనకనుంచి ఊపుతుంది. ఒకరోజు పాప నా మీదే కక్కింది. దొరసానమ్మ నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "సముద్రం దాకా అక్కర్లేదు, మనం బొంబాయిలోనే దిగిపోతాం" అంది. ఇంకోరోజు ఐసుగడ్డ తెప్పించి, దాని మీది రంపపు పొట్టు దులిపి, అందరం దాని మీద అరికాళ్ళు ఆనించి ఎవరు ఎంతసేపు ఓర్చుకుంటారో చూసుకున్నాం. నేనే గెలిచాను. ఇప్పుడు చెబుతుంటే పిచ్చి చేష్టల్లాగే ఉన్నాయి గాని, నా జన్మలో నేను అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను.

చలికోట్ల పని మా నాయినకే ఇచ్చారు. దొరగారు తనకు బొంబాయినుంచి కుట్టిన కోటే తెప్పించుకుని, మాకు దళసరి ఉన్నిగుడ్డ తెప్పించారు. మా ఇంట్లో మంచు చూసిన వాళ్ళెవరున్నారు? చలంటే మాకు రజాయి. అందుకని మా నాయిన కోటు గుడ్డకూ లోపలి అస్తరుకూ నడుమ దూది పరిచి, రజాయికి వేసినట్టే గళ్ళుగళ్ళుగా కుట్టు వేయాలని తీర్మానించుకున్నాడు. కొలతలు తీసిన రోజు దొరసానమ్మకు, పాపకు, నాకు ముగ్గురికీ తీశాడు. ఆ రోజుల్లోనే దొరసానమ్మ చెల్లెలు ఊరినుంచి వచ్చి బంగళాలో ఉంది. రవికలకని ఆమెకూ కొలతలు తీశాడు. నాకు అందులో వింత ఏమీ కనిపించలేదు.

తర్వాత కొన్నాళ్ళకు దొరసానమ్మ ఉన్నట్టుండి, "ఏమే, నీకు భయంగా ఉందా? నిజం చెప్పు, నేనేమీ అనుకోను" అంది. సముద్రం దాటబోయే పిల్లకు భయం లేకపోవడమేంటి? ఉన్నమాటే చెప్పాను, "జర ఉంది" అని. ఆమె నా తల నిమిరింది. ఆ తర్వాత చాప పరవడం తగ్గింది. ప్రయాణం దగ్గరపడి పనులెక్కువయ్యాయని నేను అనుకున్నాను.

కోట్లు చేతికుట్టుకు నా దగ్గరికి వచ్చాయి. మూడు. పెద్దది దొరసానమ్మది. బుల్లిది పాపది. మూడోదాన్ని చూపించి, "గిది నాదేనా నాయినా?" అంటే ఆయన మిషను తొక్కుతూనే "ఊఁ" అన్నాడు. వేసుకుని చూశాను. చేతులు నా వేళ్ళు దాటి పోయాయి. "పెరుగుతవు గద" అన్నాడు. సంబరంగా కాజాలకు కూర్చున్నాను.

మా నాయినకు ఒక పద్ధతుండేది. ఎదిగే పిల్లల బట్ట ఏది కుట్టినా కుట్టు లోపల రెండు వేళ్ళ గుడ్డ వదిలేవాడు, మళ్ళీ ఏటికి విప్పి వెడల్పు చేసుకోవడానికి. దొరల పిల్లలకైనా, మాకైనా అంతే. పెద్దవాళ్ళకు వదిలేవాడు కాదు. పాప కోటు అస్తరు ఎత్తి చూశాను. గుడ్డ ఉంది. పెద్ద కోటులో లేదు. నా కోటు అస్తరు ఎత్తి చూశాను. అంచుదాకా కోసేసి ఉంది, వేలు పెట్టడానికి కూడా సందు లేదు.

ఈ కోటు తొడుక్కునే మనిషి ఇక ఎదగదు. నాకు పద్నాలుగేళ్ళయినా నిండలేదు. ఆ గుడ్డ కోసిన రోజే మా నాయినకు తెలుసు. తెలిసే "ఊఁ" అన్నాడు.

కోటు తెచ్చి మిషను మీద పడేశాను. "ఎవలిది?" అన్నాను.

ఆయన మిషను ఆపాడు. "దొరసాని మాట మార్చింది బిడ్డా. చెల్లెల్ని తీస్కపోతదంట. నీకెట్ల చెప్పాల్నో తెల్వక ఊకున్న. పెద్దోళ్ళు గట్లనే ఉంటరు, మనమే ఆశపడొద్దు" అన్నాడు.

అమ్మ వైపు చూశాను. అమ్మ పొయ్యిలో పుల్ల సర్దుతోంది, తల ఎత్తలేదు. అంటే అమ్మకూ తెలుసు. ఇంట్లో తెలియనిదాన్ని నేనొక్కతెనే. ఇంత మోసం చేసిన దొరసాని మీద నాకు పుట్టిన కోపం ఇంతా అంతా కాదు. ఉయ్యాల మీద నా పక్కన కూర్చుని తింటూ, నవ్వుతూ, మనసులో చెల్లెలి పేరు పెట్టుకుని ఉందా? కోడి సంగతి చూసి చెప్పమన్న మనిషి ఈమేనా? ఆ కోటుకు కాజాలు కుట్టనని చెప్పేశాను. నాయిన బలవంతం చేయలేదు, అమ్మతో కుట్టించాడు.

ప్రయాణం రోజు దొరసానమ్మ మోటారు ఆపించుకుని మా గల్లీలోకి నడిచి వచ్చింది. నేను పెరట్లో కట్టెల మోపు వెనక దాక్కున్నాను. "పిల్ల ఏదయ్యా? ఒకసారి చూసి వెళ్తాను" అని ఆమె అడగడం వినపడింది. "ఇంట్ల లేదు దొరసానమ్మా, చుట్టాలింటికి పోయింది" అన్నాడు నాయిన. నా కోసమే ఆ అబద్ధం ఆడాడనుకున్నాను. మా నాయిన నా వైపున ఉన్నాడు కదా అని, ఆ ఏడుపులోనే కొంచెం సంతోషపడ్డాను కూడా.

వాళ్ళు తిరిగి వచ్చారు. కబురు వచ్చింది, నేను పోలేదు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోలేదు. బంగళా బట్టలు నాయినే మోసుకుపోవడం మొదలుపెట్టాడు, ఆ మాట ఆయనే అన్నాడు, "నువ్వు పోకు బిడ్డా, నీ మనసు నొస్తది" అని. ఎంత ప్రేమో అనుకున్నాను. తర్వాత యుద్ధం వచ్చింది, గుడ్డ దొరకడం కష్టమైంది. నాకు పెళ్ళయింది. నాయిన చూసిన సంబంధమే. నా భర్త కూడా కుట్టుపని వాడే, మా గల్లీలోనే ఇల్లు. అమ్మ చనిపోయాక నాయిన మా ఇంట్లోనే తినేవాడు. నేను బేగంపేట టేషను దాటి ఎక్కడికీ పోలేదు.

యుద్ధం అయిపోయాక దొరగారు కొలువు చాలించుకున్నారనీ, బంగళా ఖాళీ చేసి తమ ఊరు పోతున్నారనీ తెలిసింది. ఈసారి దొరసానమ్మ పిలవలేదు. నేనే పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. ఆమె ముఖం చూసి ఒక్క మాట అడిగి రావాలని కావచ్చు.

సామాన్లు కట్టిన వరండాలో ఆమె చెక్కపెట్టె మీద కూర్చుని ఉంది. జుట్టు సగం తెల్లబడింది. నన్ను చూడగానే గుర్తుపట్టి, నేను నోరు తెరిచేలోపలే అడిగింది.

"నేనేం చేశానే నీకు? భయమైతే రానని నాతోనే చెప్పకూడదా? తిడతానా, కొడతానా?"

నాకేమీ అర్థం కాలేదు. "ఎవరు రానన్నది?" అన్నాను.

"మీ నాన్న వచ్చి చెప్పాడు కదా. నీళ్ళంటే పిల్ల హడలిపోతోంది, రాత్రుళ్ళు ఏడుస్తోంది, మీకు చెప్పడానికి మొహమాటపడుతోంది, మీరు అడగొద్దు, అడిగితే ఇంకా బెంగపెట్టుకుంటుంది అన్నాడు. అయినా మనసొప్పక అడిగాను. ఉంది అన్నావు. ఇంకేం చేయను? అప్పటికప్పుడు మా చెల్లెల్ని బతిమాలుకున్నాను. దారి పొడుగునా పాప నీ కోసమే ఏడ్చింది. తిరిగొచ్చి ఎన్నిసార్లు కబురంపినా నువ్వు రాలేదు. అంత కానిదాన్నయ్యానా అనుకున్నాను."

నేను చెప్పాను, రానని ఎన్నడూ అనలేదని, మీరే మాట మార్చారని నాయిన చెప్పాడని. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మేమిద్దరం ఇన్నేళ్ళు మనసులోనే ఒకరినొకరు తిట్టుకున్నాం, ఒక్క మాట కలుపుకుని ఉంటే తేలిపోయేదానికి. అసలు చేసినవాడు మాత్రం మా ఇద్దరి మధ్య బట్టలు మోస్తూ తిరిగాడు.

ఇంటికి వచ్చేసరికి నాయిన అరుగు మీద సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. కళ్ళు ఆనడం లేదు. మామూలుగా అయితే నేనే ఎక్కించి ఇచ్చేదాన్ని. ఎదురుగా నిలబడి, "నేను ఏడుస్తున్ననని దొరసానితోటి చెప్పినవా?" అని అడిగాను.

ఆయన బుకాయించలేదు. సూది పక్కన పెట్టాడు.

"చెప్పిన" అన్నాడు.

"ఎందుకు?"

సముద్రం దాటితే కులపోళ్ళు ఏమంటారో అని అంటాడనుకున్నాను. కాజాలకు నేను లేకుంటే ఎట్లా అని అంటాడనుకున్నాను. ఆ రెంటిలో ఏది అన్నా ఎంతోకొంత సమాధానపడి ఉండేదాన్నేమో.

"అవన్ని చూసొచ్చినంక నీ కంటికి మేం ఆనుతమా బిడ్డా?" అన్నాడు.

"ఆ ముచ్చట నన్నడగాలె గద నాయినా."

"అడిగితే ఆనుతరనే అంటుంటివి. అని, పోతుంటివి."

నిజమే, పోయేదాన్ని. తిరిగి కూడా వచ్చేదాన్ని. వచ్చి, ఆయన పక్కనే కూర్చుని కాజాలు కుట్టేదాన్ని, ఆ కొండల సంగతులు చెప్పి విసిగించేదాన్ని. కన్నకూతురు అంతపాటిది కూడా కాదనుకున్నాడు మా నాయిన. ఓడ పోయిందని కాదు, నన్ను అట్లా లెక్కగట్టాడని నాకు కడుపు మండింది, ఇప్పటికీ మండుతుంది.

ఆ పూట నేను ఆయనకు అన్నం పెట్టలేదు. ఆయనే లేచి పెట్టుకుని తిన్నాడు.