గని ఎవరిదో తేలకముందే

కడప మదరసాలో మొదలుపెట్టిన అరబ్బీయే నాకు దుబాయ్‌లోని జెబెల్ అలీలో ఉద్యోగం ఇప్పించింది. మా కంపెనీకి ఆఫ్రికాలో ఒక బంగారు గని లీజుకు ఉండేది. ఇక్కడి ఆఫీసులో నేను దుబాసీని. మా అక్క భర్త ఆ గనిలోనే ఫిట్టరు. అక్క షార్జాలోని రోలాలో ఒక గదిలో ఉండి బట్టలు కుట్టేది.

కరోనా సద్దుమణిగిన కొన్నాళ్లకు ఆ దేశంలో యుద్ధం మొదలైంది. గనులు విదేశీయుల చేతిలో ఉండకూడదని అక్కడి ప్రభుత్వం ప్రకటించి, గేటు దగ్గర సిపాయిలను పెట్టింది. బావతో పాటు చాలామంది లోపల చిక్కుకుపోయారు. ఫోన్లు కలవడం మానేశాయి.

చర్చల కోసం ఆ ప్రభుత్వ రాయబారి మా ఆఫీసుకు వచ్చాడు. నెరిసిన గడ్డం, మెత్తటి గొంతు. వాటా ఎంత, పరిహారం ఎవరివ్వాలి అని రోజుల తరబడి వాదించుకున్నారు. పనివాళ్లు వెళ్లిపోతే యంత్రాలు ఆగిపోతాయని రాయబారి వైపువాళ్లు, మనుషులు బయటికొస్తే గని మీద హక్కు పోతుందని మా ముదీర్, అంటే మేనేజరు. ఆ మాటలన్నీ నా నోటి మీదుగానే వెళ్లేవి. సాయంత్రం అక్క అడిగితే, ఇంకా మాట్లాడుతున్నారనే చెప్పేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం "లోపలున్న సిబ్బంది" అన్న మాటను నేను అరబ్బీలో "లోపలున్న మావాళ్లు" అనేశాను. అక్కడ నీవాళ్లెవరైనా ఉన్నారా అని రాయబారి అడిగాడు. దుబాసీ సొంత మాట చెప్పకూడదు. అయినా బావ ఉన్నాడని చెప్పి, అదే ముదీర్‌కు ఇంగ్లీషులో వినిపించాను.

రాయబారి కాగితాలు పక్కకు జరిపాడు. "మా చెల్లెలు కూడా ఆ యుద్ధంలోనే చిక్కుకుంది. గని సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు మీ మనుషుల్ని వదిలేస్తాం, విమానం పంపండి."

నేను చెప్పడం పూర్తికాకముందే విమానం మాట్లాడటానికి ముదీర్ ఫోన్ తీశాడు. "యల్లా, కానివ్వండి" అన్నాడు, అంతే.

షార్జా విమానాశ్రయంలో బావ బాగా చిక్కిపోయి కనిపించాడు. అక్క ఆయన చేతులు తడుముతూ నిలబడింది. "సిపాయిలు మంచోళ్లురా. వాళ్ల రొట్టెల్లోనే మాకూ పెట్టినారు" అన్నాడు బావ.

చర్చలు ముగిసిన రోజు రాయబారికి కృతజ్ఞతగా షుక్రన్ చెప్పడానికి లిఫ్టు దాకా వెళ్లాను. చెల్లెలి కబురు ఇంకా తెలియలేదన్నాడు. బావకు సలాం చెప్పమన్నాడు.

గని మాకు దక్కలేదు. అయినా ముదీర్ తనకు తెలిసినవాళ్లతో మాట్లాడి బావకు దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో పని చూపించాడు. ఇప్పుడు బావ రోజూ కంపెనీ బస్సులో వెళ్లి, రాత్రి అన్నం వేళకు ఇంటికొస్తున్నాడు.