ఆపకుండా ఒక్క సినిమా వేయలేని మనిషి

మా ఆయన ధనరాజ్ బతికినన్నాళ్లూ ఒక్క సినిమానూ ఆపకుండా చివరిదాకా వేయలేదు. ఆయన వృత్తి సినిమాలు వేయడమే. పోయి మూడేళ్లయింది. పైన ఎవరి సినిమా మధ్యలో ఆపుతున్నారో తెలియదు.

తొంభైలో, తుకుం బస్తీలోని మా ఇంటి ముందు గదిలో ఒక వీసీఆర్ పెట్టి, మిద్దెల మీదుగా వైర్లు లాగి, ఇరవై రెండు ఇళ్ల టీవీలకు సినిమా పంపేవారు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మొదలు. మూడు గంటల సినిమా ఐదు గంటలు నడిచేది. హీరో విలన్ మీదికి దూకి గాలిలోనే వేలాడేవాడు. పాపం, కిందికి దిగాలంటే మా ఆయన అనుమతి కావాలి.

"ధనరాజన్నా! మళ్ల ఏమైంది?" అని గల్లీలోంచి కేకలు.

"హెడ్ గరమైంది! పది నిమిషాలు ఆగుండ్రి!"

హెడ్ అంటే టేపు మీది బొమ్మను చదివే భాగం. డిసెంబరు చలికి మేమంతా శాలువాలు కప్పుకుంటే అదొక్కటే గరమయ్యేది. దాన్ని పది రూపాయల నోటుతో తుడిచేటప్పుడు దుమ్ము పడుతుందని నన్ను కూడా గదిలోకి రానిచ్చేవారు కాదు. గుండె ఆపరేషన్ చేసే డాక్టర్లయినా తలుపులు అంత గట్టిగా మూయరు.

రెండేళ్లు భరించారు జనం. ఇంతలో బజార్లో ఒకడు డిష్ పెట్టాడు. పక్కింటి బట్టల వ్యాపారి అనంతరావు గారు గల్లీ తరఫున వచ్చారు.

"చూడు ధనరాజ్, వచ్చే ఐతారం ఒక్కసారి ఆపినవంటే అందరం డిష్‌వాని దగ్గరికి పోతం. సమజైందా?"

"ఆపను కాకా. అమ్మతోడు."

ఇరవై రెండు ఇళ్లూ పోతే మేం తినేదేమిటి? ఆ ఆదివారం నేను దేవుడికి దీపం పెట్టి మరీ కూర్చున్నాను. రెండున్నర గంటలు ఏ గండం లేకుండా నడిచింది. తప్పిపోయిన కొడుకు చేతి మీది పచ్చబొట్టును తల్లి చూడబోతోంది. బొమ్మ ఆగిపోయింది.

తలుపు తోసుకుని గదిలోకి వెళ్లాను. ఆయన గోడకు చెవి ఆనించి నిలబడ్డారు.

"ఏందయ్యా గిది? హెడ్ గోడ లోపల ఉన్నదా?"

"మెల్లగ! అవతల పంపు స్టవ్ మోగుతుంది. సరోజ ఛాయ్ పెడుతుంది."

"పెడితే?"

"గీ సీన్ కోసమే గద పొద్దటి సంది ఎదురుచూసింది! పదిమంది చుట్టాలకు ఛాయ్ పెట్టుకుంట ఎట్ల చూస్తది?"

సరోజ అనంతరావు గారి కోడలు. సినిమా మంచి పట్టులో పడగానే మామగారికి ఛాయ్ గుర్తొచ్చేది. అప్పుడు తట్టింది నాకు. నేను వంటింట్లో పప్పుకు పోపు పెట్టి వచ్చేసరికి కూడా ఆ హెడ్ సరిగ్గా చల్లబడేది. నా అదృష్టం అనుకునేదాన్ని.

ఇంతలో గల్లీ అంతా మా గుమ్మం ముందుకొచ్చింది.

"అమ్మతోడు అన్నవ్ గదరా!" అని అరిచారు అనంతరావు గారు.

"హెడ్ గరమైంది కాకా," అన్నారు మా ఆయన నేల చూస్తూ. వ్యాపారం పోయినా సరే, నలుగురిలో ఆ పెద్దాయన పరువు తీయలేరు. నాకంత మంచితనం లేదు.

"హెడ్ కాదు కాకా, ఛాయ్! మీరు ఛాయ్ అన్నప్పుడల్ల సరోజ వచ్చేదాక సినిమా ఆగుతుంది. రెండేండ్ల సంది గిదే కథ."

ముందు ఆడవాళ్లు నవ్వారు. మగవాళ్లూ నవ్వబోయి, ఎవరి భార్య వైపు వాళ్లు చూసి మానేశారు. అనంతరావు గారు గిరుక్కున తిరిగి ఇంటికి వెళ్లారు. గోడ అవతల ఆయన గొంతు వినబడింది.

"సరోజా, పోయి టీవీ ముంగట కూసో. ఛాయ్ నేను చేస్త."

"మీకు రాదు మామయ్యా!"

"కూసో అంటున్న గద!"

ఆయన చెయ్యి పడగానే స్టవ్ ఆరిపోయింది. పంపు కొట్టిన చప్పుడు, అగ్గిపుల్లలు గీసిన చప్పుడు, దగ్గు. మళ్లీ పంపు.

"సరోజ కూసున్నది. ఇగ వెయ్యి," అన్నాను.

మా ఆయన గోడ మీంచి చెవి తీయలేదు.

"ఎట్ల వెయ్యాలె? ఇప్పుడు పెద్దాయన పొయ్యికాడ ఉన్నడు గద!"

ఆ తల్లి కొడుకును గుర్తుపట్టడానికి ఇంకో ముప్పావు గంట పట్టింది.